కశాభం వెంట నడిచిన డాక్టరు – సర్ రొనాల్డ్ రాస్

మా గిద్దలూరు వైపు నల్లమల అంచు పల్లెల్లో చలిజ్వరం అంటే తెలియని పెద్దవాళ్లు లేరు. పొద్దున చేలో బాగానే ఉన్న మనిషి మధ్యాహ్నానికి రెండు దుప్పట్లు కప్పుకొని గడగడ వణికిపోవడం గురించి మా నాయనమ్మ కథలు కథలుగా చెప్పేది. ఆ జ్వరం గుట్టు బయటపడింది ఏ లండన్‌లోనో కాదు, మన సికింద్రాబాదులోనే. ఆ గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్ జీవితం సైన్సు విద్యార్థులమైన మనం తెలుసుకోదగ్గది.

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో జన్మించారు. కుర్రతనంలో ఆయన మనసంతా కవిత్వం మీద, సంగీతం మీద. తండ్రి పట్టుబట్టి వైద్యంలో చేర్పించారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా క్రిమిని మైక్రోస్కోపులో చూపించడంతో ఆయన దారి మళ్లింది.

కశాభం కథ ఇక్కడే మొదలవుతుంది. రోగి రక్తం ఒంటి నుంచి బయటికొచ్చిన కొన్ని నిమిషాలకే కొన్ని మలేరియా క్రిములు సన్నని కొరడాల్లాంటి పోగులు చాచి ఆడిస్తాయి. బాక్టీరియాకూ కశాభాలున్నాయిగానీ వాటి తీరు వేరు. వాటి మొదట్లో అతి చిన్న మోటారు ఉంటుంది. అది తిప్పితే కశాభం మరమేకులాగా గిర్రున తిరిగి కణాన్ని ముందుకు తోస్తుంది. ఈ సంగతి 1970లలోగాని తేలలేదు. మలేరియా క్రిమి పోగు అలా తిరగదు, పాములాగా మెలికలు పోతుంది.

ఆ పోగులు దోమ పొట్టలో పెరిగే క్రిమి పిల్లలనీ, దోమ చచ్చిన నీళ్లు తాగితే జ్వరం వస్తుందనీ మాన్సన్ ఊహ. 1895లో సికింద్రాబాదు వచ్చిన రాస్, డబ్బిచ్చి మనిషి చేత అలాంటి నీళ్లు తాగించి చూశారు. ఈనాడు ఎవరూ ఒప్పుకోని పని అది. ఊహ మాత్రం నిలవలేదు.

అయినా ఆయన వదల్లేదు. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవారు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకొని కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న అలాంటి ఒక అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో నల్లని రేణువులున్న కణాలు రాస్ కంటబడ్డాయి. అవి మలేరియా క్రిములే!

అంతలోనే బదిలీ. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో పాకుతుందని రుజువు చేశారు. ఇటలీలో గ్రాసీ బృందం మనుషుల మలేరియాలోనూ అదే చూపింది. ఆ ఘనత ఎవరిదని ఇద్దరికీ పెద్ద తగాదా నడిచింది. 1902లో నోబెల్ బహుమతి రాస్‌కు దక్కింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

ఇంతకీ ఆ పోగులేమిటి? అవి పురుష బీజకణాలని 1897లోనే మెకాలం అనే విద్యార్థి అమెరికాలో కనిపెట్టాడు. గురువు ఊహ తప్పు, కానీ చూపిన దోమ నిజం. తప్పు ఊహనైనా ఓపికగా పరీక్షకు పెడితే నిజం దగ్గరికి చేరుస్తుంది. అణాలు తీసుకొని చెయ్యి చాచిన హుసేన్ ఖాన్ పేరు మాత్రం బహుమతి పత్రంలో లేదు. రాస్‌ను తలుచుకున్నప్పుడు అతన్ని కూడా తలుచుకోవడం మన ధర్మం.