డఫ్ మిషనరీ కన్న కల

రాజ్యమును గోరువాడు కోటను ముట్టడించును. జాతి హృదయమును గోరువాడు పాఠశాలను దెరచును. ఈ రహస్యమును పందొమ్మిదవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన పాశ్చాత్యులలో అలెగ్జాండరు డఫ్ ఎరిగినంతగా ఎరిగినవారు అరుదు. భరతఖండమునందలి బాలబాలికలందరును ఒకనాటికి క్రైస్తవులగుదురని అతడు నమ్మెను. ఆలయములు తమంతట శూన్యములగునని, శాస్త్రములు తమంతట మూతపడునని, అందులకు ఖడ్గముతో బనిలేదని, పలకయు బలపమును చాలునని అతని విశ్వాసము. అట్టివాని చరిత్రమును పిల్లలుగల ప్రతి గృహస్థుడును తెలిసికొనవలసియున్నది.

డఫ్ 1806వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన స్కాట్లండు దేశమున పెర్తుషైరులోని మూలిన్ గ్రామ ప్రాంతమున సామాన్య కుటుంబమున జన్మించెను. సెయింటు ఆండ్రూసు విశ్వవిద్యాలయమున ప్రసిద్ధ మతాచార్యుడగు తామసు చామర్సు పాదములకడ చదువుకొనెను. స్కాట్లండు చర్చి మన దేశమునకు అధికారపూర్వకముగా బంపిన మొదటి మిషనరీ ఇతడే. 1829లో భార్యాసమేతుడై ఓడ యెక్కునప్పటికి అతనికి ఇరువదిమూడేండ్లు.

ఆ ప్రయాణము సుఖముగా జరుగలేదు. 1830 ఫిబ్రవరిలో ఆఫ్రికా దక్షిణాగ్రమునకు సమీపమున ఓడ పగిలెను. ప్రాణములు దక్కినవి గాని, అతడు ప్రేమతో గూర్చుకొన్న గ్రంథములు వందలకొలదిగా సముద్రము పాలయ్యెను. ఒడ్డునకు గొట్టుకొనివచ్చినవానిలో అతని బైబిలు ఉండెను. ఇది దైవసంకేతమని అతడు తలచెను. రెండవ ఓడయు గంగాసాగరముకడ తుపానులో జిక్కెను. ఎట్టకేలకు ఆ సంవత్సరము మే నెలలో అతడు కలకత్తా చేరెను.

అప్పటికి మిషనరీలు వీధులలో నిలిచి దేశభాషలలో బోధించుచుండిరి. శ్రీరామపురమున వృద్ధుడగు విలియం కేరీ మన భాషలు పెక్కింటను బైబిలును అచ్చొత్తించుటలో జీవితము గడపెను. మన తెనుగునకు 1814లో వ్యాకరణము వ్రాసి ప్రకటించినవాడును అతడే. డఫ్ మార్గము వేరు. కొమ్మలను నరుకుచు గూర్చుండుటకంటె వేరునందు నిప్పు పెట్టుట మేలని అతని యూహ. అగ్రవర్ణముల పిల్లలను జేరదీసి, ఇంగ్లీషు భాషను, పాశ్చాత్య విజ్ఞానమును, వానితోపాటు ప్రతిదినమును బైబిలును బోధించినచో, వారి మతము లోపలినుండియే కూలిపోవునని, పై వర్ణములవారు మారినచో తక్కినవారు వెంబడింతురని అతడు లెక్క గట్టెను.

ఈ కార్యమున అతనికి తొలిసాయము చేసినవాడు ఎవ్వరు? రాజా రామమోహన రాయలు! చిత్పూరు మార్గమున తాను బ్రహ్మసభకై వాడుచుండిన యింటిని ఇప్పించి, తన మిత్రుల యిండ్లనుండి మొదటి ఐదుగురు విద్యార్థులను సమకూర్చినవాడు ఆయనయే. 1830 జూలై 13వ తేదీన పాఠశాల తెరవబడెను. పిల్లల చేతికి క్రైస్తవ గ్రంథమును ఇయ్యగానే వారిలో గుసగుసలు బయలుదేరెను. అప్పుడు రామమోహనుడు వారిని ఊరడించెను. తాను బైబిలును ఆమూలాగ్రముగా జదివియు క్రైస్తవుడు కాలేదనియు, ఖురానును జదివియు మహమ్మదీయుడు కాలేదనియు, విల్సను పండితుడు హిందూశాస్త్రములను జదివియు హిందువు కాలేదనియు, కావున చదివి తామే విచారించుకొనుడనియు బోధించెను. డఫ్ ఆనాడు ఆ మాటలను తనకు సహాయముగనే యెంచెను. ఆ మాటలే తన కలకు ఉత్తరమని అతడు గ్రహింపలేదు.

ఉపాధ్యాయుడుగా డఫ్ అసమానుడు. వల్లె వేయించుట అతనికి గిట్టదు. ప్రతి పదమునకు అర్థమడిగి, ప్రతి యర్థమునకు కారణమడిగి, పిల్లవానిచేత ఆలోచింపజేయును. ఒకనాడు తరగతిలో వాన యెక్కడనుండి వచ్చునని అడుగగా, ఇంద్రుని యేనుగు తొండమునుండి వచ్చునని ఒక బాలుడు చెప్పెనట. డఫ్ కోపింపలేదు, నవ్వలేదు. మరుగుచున్న నీటి ఆవిరి మూతపై జేరి చుక్కలుగా రాలుటను జ్ఞప్తికి దెచ్చి, మేఘముల పుట్టుకను విశదపరచెను. బాలుడు నివ్వెరపోయెను, గురువు చెప్పినది తప్పైనచో తక్కిన శాస్త్రముగతి యేమని అతనికి భయము పుట్టెను. డఫ్ కోరినదియు అదియే. సూర్యుడు భూమినుండి నీరు గొని వేయిరెట్లుగా మరల నిచ్చునని మన కాళిదాసు ఎరుగును. ఆ బాలుని గురువు ఎరుగడు. మన విద్య మనయొద్దనే చెడియుండగా, పరుడు వచ్చి దానిని పరిహసించుటలో వింత యేమున్నది?

మొదట అతని యంచనా ఫలించుచున్నట్లే కనబడెను. ఐదుగురితో మొదలైన పాఠశాల వందలకు పెరిగెను. 1832లో కులీన బ్రాహ్మణుడును, హిందూకళాశాలలో జదివిన మేధావియు నగు కృష్ణమోహన బెనర్జీ డఫ్ చేత బాప్తిస్మము పొందెను. కలకత్తా తల్లడిల్లెను. 1835లో ప్రభుత్వము ఇంగ్లీషు విద్యను చేపట్టెను. మరుసటి యేట మెకాలే తన తండ్రికి వ్రాసిన లేఖలో, ఈ విద్య సాగినచో ముప్పదేండ్లలో వంగదేశపు గౌరవకుటుంబములలో విగ్రహారాధకుడొక్కడును మిగులడని జోస్యము చెప్పెను. మిషనరీయు, మంత్రాంగసభ్యుడును ఒక్క కలనే కనిరి.

1845లో ఉమేశచంద్ర సర్కారను యువకుడు బాలయగు భార్యతో డఫ్ గృహమున శరణు జొచ్చెను. తండ్రి న్యాయస్థానమున కెక్కి యోడిపోయెను. ఆ దంపతులకు బాప్తిస్మము జరిగెను. దేవేంద్రనాథ టాగూరు కలకత్తా గృహస్థుల యిండ్లకు స్వయముగా దిరిగెను. అంతవరకు ఒకరి ముఖమొకరు చూడని సనాతనులును బ్రహ్మసామాజికులును ఒక్క సభలో గూర్చుండి, చందాలు వేసికొని, ఉచితముగ జదువు చెప్పు హిందూ హితార్థి విద్యాలయమును స్థాపించిరి. భయము పుట్టించిన పాఠశాల అది. భయముతోపాటే ఉత్సాహమును చల్లారెను. కొలదికాలమునకే విద్యాలయము క్షీణించెను. డఫ్ పాఠశాలమాత్రము నిలిచెను. ఇందులో మన పెద్దలు సిగ్గుపడవలసిన పాఠమున్నది.

డఫ్ గుణములను గుర్తింపకపోవుట అధర్మము. 1843లో స్కాట్లండు చర్చి రెండుగా జీలినప్పుడు, అతడు తన యంతరాత్మ చెప్పిన పక్షమున నిలిచి, తాను కట్టించిన భవనమును, గ్రంథాలయమును, పరికరములను విడిచి కట్టుబట్టలతో బయటికి వచ్చి, వేరొక పాఠశాలను మొదటినుండి నిర్మించెను. 1854లో వెలువడిన విద్యాశాసనమునకును, 1857లో వెలసిన కలకత్తా విశ్వవిద్యాలయమునకును అతని కృషి తోడ్పడెను. ఆరోగ్యము చెడి 1863లో మన దేశమును వీడెను. 1878 ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండులో కన్నుమూసెను.

మరి కల యేమయ్యెను? అతడు 1830లో స్థాపించిన విద్యాలయముననే నరేంద్రనాథ దత్తుడు చదివి, 1884లో పట్టము పొంది, వివేకానందుడై అమెరికాలో వేదాంతభేరి మ్రోగించెను. డఫ్ నెలకొల్పిన రెండు విద్యాలయములును 1908లో ఒక్కటి కాగా, ఆ కళాశాలలో జదివినవాడు సుభాసచంద్ర బోసు. డఫ్ పద్ధతిని అనుసరించి చెన్నపురిలో 1837లో వెలసిన పాఠశాల క్రైస్తవ కళాశాలగా వృద్ధి పొందెను. అచ్చట హిందూమతముపై విమర్శలు విని విని, వానికి సమాధానముగా వేదాంతనీతినిగూర్చి వ్యాసము వ్రాసిన విద్యార్థి మన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు. మతము మారినవారును దేశమును మరువలేదు. కృష్ణమోహన బెనర్జీ ఇండియన్ అసోసియేషనుకు అధ్యక్షుడయ్యెను. కాళీచరణ బెనర్జీ కాంగ్రెసు తొలినాళ్ళ నాయకులలో నొకడయ్యెను. కారణమడుగ నేర్పిన గురువును సైతము శిష్యుడు కారణమడుగును. విద్యను ఇచ్చువాడు దాని ఫలమును శాసింపలేడు.

ఇంతటితో మురిసిపోయి కూర్చుండదగదు. డఫ్ మరణించిన యేడే, 1878 జూలై 3వ తేదీన, మన ఒంగోలు సీమలో వెలుంపిల్లి గ్రామముకడ గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలివారు మాదిగలు. కరవునాడు వారికి కాలువ త్రవ్వకములో కూలి యిప్పించి కాపాడినవాడు అమెరికా మిషనరీ క్లౌ దొర. కూడు చూపి మతము ఇచ్చితిననిపించుకొనరాదని, కరవు సహాయము సాగినంతకాలము అతడు బాప్తిస్మములను నిలిపియుంచెను. అయినను వారు వచ్చిరి. వారికి ఇంగ్లీషు రాదు, ఆవిరి శాస్త్రము తెలియదు. తమ పిల్లలను బడిలో గూర్చుండబెట్టువానిని వారు వెదకుకొని వచ్చిరి. మన ఊరిబడి అరుగుపై ఆ పిల్లలకు చోటులేకుండెను.

పై వర్ణములను గెలిచినచో కింది వర్ణములు వెంబడించునన్న డఫ్ లెక్క తలక్రిందయ్యెను. 2011 జనాభాలెక్కలలో మన దేశమున క్రైస్తవులు నూటికి రెండుకు కొంచెము మించినవారు. వారు మన సోదరులు. వారి విశ్వాసము వారిది. డఫ్ మన పిల్లలను తనవారిగా జేసికొనదలచెను. మన పెద్దలు తమ పిల్లలను కాపాడుకొనదలచి, ఊరి పిల్లలందరిని తమవారిగా నెంచ మరచిరి. ఇరువురును ఒక్కటే పొరపడిరి: పిల్లవాని మనస్సు ఎవరికిని సొత్తు కాదు. చదువరీ, ఈ సాయంకాలము నీ యింటి పిల్లవాడు పుస్తకము తెరచి, ఇది యేల యిట్లున్నదని అడిగినప్పుడు, విసుగుకొనక కూర్చుండి చెప్పుము. నీ పొలములో పనిచేయు కూలివాని బిడ్డ వచ్చి అదే ప్రశ్న యడిగినను అట్లే చెప్పుము.