హరిదాసునికి ఆనవాలు

మీ ఇంట్లో పెద్దవయసు స్త్రీలు ఉంటే వారి ముంజేతిని ఒకసారి గమనించండి. తులసికోటో, చుక్కల ముగ్గో, ఇష్టదైవం పేరో పచ్చబొట్టుగా కనిపించవచ్చు. నేటి యువతకు అది పాతకాలపు మోటు అలంకారం. పొడిపించుకున్నవారికి మాత్రం కాటిదాకా వెంటవచ్చే సొత్తు. దైవచిహ్నాన్ని దేహంపైనే నిలుపుకోవాలన్న ఆ తపనకు వైష్ణవ సంప్రదాయాలలో శాస్త్రోక్తమైన రూపం ఒకటుంది. అదే తప్తముద్రాధారణ. హోమాగ్నిలో వేడిచేసిన లోహముద్రలతో కుడి భుజాన చక్రాన్ని, ఎడమ భుజాన శంఖాన్ని ధరించడమే ఆ సంస్కారం. దాని అంతరార్థం తెలియాలంటే శ్రీ పద్మనాభతీర్థుల జీవితాన్ని స్మరించుకోవాలి.

పూర్వాశ్రమంలో ఆయన శోభనభట్టు. 13వ శతాబ్దంలో గోదావరి తీరాన తర్కవేదాంతాలలో సాటిలేని విద్వాంసుడని మధ్వ సంప్రదాయ చరిత్రలు కీర్తిస్తాయి. బదరీయాత్ర ముగించుకుని ఉడుపికి మరలుతూ శ్రీ మధ్వాచార్యులు ఈ తీరానికి విచ్చేశారు. పండితసభలో ద్వైత సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. శోభనభట్టు వాదించారు, విన్నారు, చివరికి శిరసు వంచి శిష్యులయ్యారు.

ఆ నిర్ణయం ఎంత కఠినమైనదో మీరే ఆలోచించండి. పండితునికి పేరే ధనం. తనను గౌరవించిన విద్వాంసుల ఎదుటనే ఆయన వేరొక మతాన్ని స్వీకరించారు. ఆ మతానికి గుర్తు శంఖచక్ర ముద్రలు. దేహాన్ని కాల్చుకోవడమేమిటని స్మార్త పండితులు ఎందరో వాటిని ఆక్షేపిస్తూ వచ్చారు. అయితే ఆ ముద్ర అలంకారం కాదు. యజమాని తన సొత్తుపై వేసుకునే ఆనవాలు వంటిది. ఈ దేహం, ఈ విద్య, ఈ కీర్తి నావి కావు, శ్రీహరివి అని ఒప్పుకోవడమే దాని భావం. వాదంలో గెలుపే ఎరిగిన వ్యక్తికి అంతకన్నా పెద్ద త్యాగం ఏముంటుంది?

సన్యాసం స్వీకరించి పద్మనాభతీర్థులైన ఆయన తన పాండిత్యాన్నంతా గురుసేవకే వినియోగించారు. గురువుల బ్రహ్మసూత్ర భాష్యానికి సత్తర్కదీపావళి, అనువ్యాఖ్యానానికి సన్న్యాయరత్నావళి అనే వ్యాఖ్యలు రచించారు. 1317లో మధ్వాచార్యుల అనంతరం పీఠాన్ని అధిష్ఠించారు. తరువాతి తరంలో మహావ్యాఖ్యాతగా వెలుగొందిన జయతీర్థులు తమ న్యాయసుధలో ఆయనకు ప్రణామాలు అర్పించారు. 1324లో పరమపదించిన ఆయన బృందావనం కర్ణాటకలోని ఆనెగొంది సమీపాన, తుంగభద్ర మధ్యనున్న నవబృందావన క్షేత్రంలో నేటికీ పూజలందుకుంటోంది.

పచ్చబొట్టు ఒకసారి పొడిస్తే చెరగదు. మధ్వ మఠాలలో వేసే ముద్ర కొన్నాళ్లకు మాసిపోతుంది. అందుకే ఏటా ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు, అంటే మన తొలి ఏకాదశినాడు, భక్తులు దానిని మళ్లీ ధరిస్తారు. అహంకారం ఒకనాటితో అణగిపోయేది కాదు కనుక శరణాగతి కూడా ఒకనాటితో ముగిసేది కాదు. కార్తిక బహుళ చతుర్దశి పద్మనాభతీర్థుల ఆరాధన దినం. గోదావరిలో కార్తిక స్నానం చేసే మీరు ఆ రోజున ఈ తీరపు పండితుణ్ణి కూడా తలచుకోండి. నేను, నాది అన్న భావాన్ని ఒక్క మునకతోనైనా గంగమ్మకు విడిచిపెట్టండి.