వాలీబాల్ కనిపెట్టిన డ్రిల్లు మాస్టారు

సావనీరుకి ఏదైనా వ్రాసి ఇవ్వమని మన యూనియన్ మిత్రులు అడిగినప్పుడు మొదట తప్పించుకుందామనే చూశాను. కవిత్వం నాకు రాదు. కథ వ్రాసే ఓపిక లేదు. సైన్సు విద్యార్థిని కనుక ఏ అణుశక్తి గురించో, అంతరిక్షం గురించో వ్రాస్తానని వాళ్ళు అనుకున్నట్టున్నారు. కానీ గత డిసెంబరు నుంచీ నా బుర్రలో తిరుగుతున్న మనిషి శాస్త్రజ్ఞుడూ కాడు, దేశనాయకుడూ కాడు. అమెరికాలో ఒక మిల్లుల ఊళ్ళో వ్యాయామం నేర్పిన మాస్టారు. పేరు విలియం జి. మోర్గన్. సాయంత్రమైతే మన గ్రౌండులో వల కట్టి ఆడుకునే వాలీబాల్‌ని కనిపెట్టింది ఆయనే.

ఆయన నా బుర్రలోకి ఎట్లా వచ్చాడో ముందు చెప్పుకోవాలి. నేనుండేది లింగంపల్లిలో, రైల్వే స్టేషనుకి దగ్గర్లో ఒక గదిలో. మా ఊరి వైపు వాడే ఒక మిత్రుడు నాతో ఉంటాడు. ఇద్దరం రైతుబిడ్డలమే. డిసెంబరులో అక్కడ ఒక స్కూలు మైదానంలో కాలనీల మధ్య పోటీలు జరిగాయి. ఫైనలుకి రావలసిన రిఫరీ రాలేదు. నేను రిఫరీ పరీక్షకి చదువుతున్నానని తెలిసినవాళ్ళు నా చేతికి విజిల్ ఇచ్చి, స్టాండు లేదు గనక బల్ల మీద బల్ల వేసి నన్ను దాని మీదికి ఎక్కించారు. ఫైనల్లో ఒక జట్టు నా మిత్రుడిదే. అప్పుడే వద్దనవలసింది. అనలేదు. విజిల్ చేతిలో పడితే వచ్చే దర్జా అట్లాంటిది!

అయిదో సెట్టు. మావాళ్ళు 14, అవతలివాళ్ళు 13. నా మిత్రుడు ఎగిరి కొట్టిన స్మాష్ అవతల ఖాళీ జాగాలో నేలకి తగిలింది. డప్పులు మొదలయ్యాయి. నేను విజిల్ ఊది, అవతలివాళ్ళ వైపు చెయ్యి చాపి, వలని చేత్తో తాకి చూపించాను. కొడుతున్నప్పుడు వాడి మోచెయ్యి వల పైపట్టీకి తగిలింది. నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు. 14–14 అయింది, చివరికి 14–16తో మావాళ్ళు ఓడిపోయారు. ఆ తరువాత వారం రోజులు గదిలో ఒకే గిన్నెలో అన్నం వండుకున్నాం గానీ మాట లేదు.

ఆ వారంలోనే, ఈ వల తాకగూడదన్న రూలు ఎవరు పెట్టారో చూద్దామని లైబ్రరీలో కూర్చున్నాను. పెట్టింది మోర్గన్ గారే. తరువాత వచ్చిన కమిటీలు చేర్చింది కాదు. ఆయన మొట్టమొదట చేత్తో వ్రాసిన నిబంధనలలోనే ఉంది. ఆటగాడు వలని తాకితే బంతి ఆగిపోతుంది, తప్పు అతని పక్షానికే. సరే, ఇంత ఖచ్చితమైన మనిషి ఎవరో తెలుసుకుందామని ఆయన జీవితం చదవడం మొదలుపెట్టాను.

మోర్గన్ 1870 జనవరి 23న న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్ అనే ఊళ్ళో పుట్టాడు. ఈరీ కాలువ మీద పడవలని ఎత్తుకీ పల్లానికీ చేర్చే లాకులుండబట్టి ఆ ఊరికా పేరు. పై చదువుకి మసాచుసెట్స్‌లోని మౌంట్ హెర్మన్ బడికి వెళ్ళాడు. తరువాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ కళాశాలలో చేరాడు. అక్కడే జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు 1891 డిసెంబరులో, చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికని బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టాడు. మోర్గన్‌ని ఈ దారికి తీసుకువచ్చిన వాళ్ళలో నైస్మిత్ ఒకడు. ప్రపంచమంతా ఆడే రెండు ఆటలు ఒక్క కళాశాల మనుషుల చేతుల మీదుగా నాలుగేళ్ళ తేడాతో పుట్టాయంటే ఆశ్చర్యమే.

1894లో చదువు ముగించి మోర్గన్ ఒక ఏడాది ఆబర్న్ అనే ఊళ్ళో పనిచేశాడు. 1895లో హొల్యోక్ వై.ఎం.సి.ఎ.కి వ్యాయామ దర్శకుడిగా వచ్చాడు. హొల్యోక్ కాగితపు మిల్లుల ఊరు. అక్కడ ఆయన తరగతులకి కుర్రవాళ్ళతోబాటు నడివయసు వ్యాపారస్థులు కూడా వచ్చేవారు. రోజంతా కుర్చీలో కూర్చుని, పొట్ట పెరిగి, సాయంత్రం కాస్త కాళ్ళూ చేతులూ ఆడిద్దామని వచ్చే మనుషులు. వాళ్ళకి ఒట్టి డ్రిల్లు చేయిస్తే విసుగు. బాస్కెట్‌బాల్ ఆడిస్తే ఆ పరుగులూ ఆ గుద్దుకోవడాలూ తట్టుకోలేరు. మరి ఏం చెయ్యాలి?

టెన్నిస్ ఆయనకి గుర్తుకొచ్చింది. అయితే టెన్నిస్‌కి బ్యాట్లు కావాలి, బంతులు కావాలి, ఒకేసారి ఆడగలిగేది నలుగురే. బ్యాటు తీసేసి వల మాత్రం ఉంచుకున్నాడు. ఆ వలని 6 అడుగుల 6 అంగుళాల ఎత్తుకి లేపి కట్టాడు, మామూలు మనిషి తలకి కాస్త పైన. వల మధ్యలో ఉంటే ఇక ఒకడినొకడు తోసుకునే ప్రసక్తే లేదు. నా బుద్ధికి తోచినంతవరకు ఆయన కనిపెట్టిన అసలు సంగతి అదే. మిగతా ఆటలలో ఎదుటివాడి ఒంటి మీదికి పోవచ్చు, ఇందులో పోలేము. అందుకే వలని తాకడం తప్పయింది. వలని తాకనిస్తే ఆ గోడ గోడగా ఉండదు.

బంతి దగ్గర చిక్కు వచ్చింది. బాస్కెట్‌బాల్ బరువు, వేళ్ళు విరుగుతాయి. పోనీ దాని లోపలి రబ్బరు బ్లాడర్‌తో ఆడదామంటే అది మరీ తేలిక, నెమ్మది. దగ్గర్లోనే ఉన్న స్పాల్డింగ్ కంపెనీ వాళ్ళని అడిగి కొత్త బంతి కుట్టించాడు. లోపల రబ్బరు, పైన తోలు, చుట్టుకొలత 25 నుంచి 27 అంగుళాలు, బరువు 9 నుంచి 12 ఔన్సులు. అంటే సుమారు 255 నుంచి 340 గ్రాములు. ఈనాటి నిబంధన ప్రకారం బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు. లెక్కగట్టి చూస్తే ఇప్పటి బంతి ఆయన గీసిన హద్దుల లోపలే ఉంది. నూట ముప్పై ఏళ్ళలో అన్నీ మారాయి, బంతి మాత్రం పెద్దగా మారలేదు!

ఈ ఆటకి ఆయన పెట్టిన పేరు మింటొనెట్. 25 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు కోర్టు. ఒక్కో పక్షాన ఎంతమందైనా ఉండవచ్చు, బంతిని ఎన్నిసార్లయినా కొట్టవచ్చు. ఆట తొమ్మిది ఇన్నింగ్సులు. బంతిని క్షణమైనా చేతిలో పట్టి ఆపితే తప్పు.

ఇది చదువుతుంటే నాకు మా ఊరి కల్లం కళ్ళ ముందు కనబడింది. జొన్నలు నూర్చే కాలం అయిపోయాక కల్లం ఖాళీ. పేడతో అలికిన గట్టి నేల. రెండు వెదురు బొంగులు పాతి వల కడితే అదే కోర్టు. పొద్దున్నుంచీ పొలంలో నడుం వంచిన మా నాయిన, చిన్నాయన, ఇరుగుపొరుగు వాళ్ళు పొద్దుగూకే ముందు పంచెలు ఎగగట్టి దిగేవారు. ఇటు తొమ్మిదిమంది, అటు పదకొండుమంది. బంతిని ఎన్నిసార్లు కొట్టారో లెక్క లేదు. హొల్యోక్ షావుకార్లకి పని లేక ఒళ్ళు పట్టేస్తే, మావాళ్ళకి పని ఎక్కువై ఒళ్ళు పట్టేసేది. మందు మాత్రం ఒక్కటే. మోర్గన్ పేరు తెలియకుండానే మా ఊరివాళ్ళు ఆయన మొదటి నిబంధనలతోనే ఆడుతున్నారు. అక్కడ రిఫరీ లేడు. వల తగిలితే తగిలినవాడే చెయ్యెత్తేవాడు, ఎత్తకపోతే మా పెద్దనాయిన గట్టు మీద నుంచి కేకేసేవాడు.

1896లో స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలో వ్యాయామ దర్శకుల సమావేశం జరిగింది. మోర్గన్ హొల్యోక్ నుంచి అయిదుగురేసి మనుషులతో రెండు జట్లు తీసుకువెళ్ళి తన ఆట ఆడించి చూపాడు. ఒక జట్టుకి నాయకుడు ఆ ఊరి మేయరు కరన్, రెండో జట్టుకి అగ్నిమాపక దళం అధికారి లించ్. నడివయసు పెద్దమనుషుల చేతనే ఆడించడం ఆయన తెలివి. కుర్రాళ్ళని తీసుకుపోయి ఉంటే చూసినవాళ్ళకి ఈ ఆట ఎవరి కోసమో అర్థమయ్యేది కాదు. ఆట చూసిన హాల్‌స్టెడ్ అనే ఆచార్యుడు, బంతి నేల తాకకుండా గాలిలోనే ఇటూ అటూ పోతోంది కనుక వాలీ బాల్ అంటే బాగుంటుందన్నాడు. మోర్గన్ ఒప్పుకున్నాడు. తాను పెట్టుకున్న పేరు వదులుకున్నాడు. చేత్తో వ్రాసిన నిబంధనల ప్రతిని సమావేశానికి అప్పగించి, పరిశీలించి సరిదిద్దమన్నాడు.

ఇక్కడ నేను చాలాసేపు ఆగాను. తన బిడ్డ లాంటి ఆటని పదిమంది చేతుల్లో పెట్టి, మీకు తోచినట్టు దిద్దండని చెప్పడానికి గుండె కావాలి. నేనైతే పేరు దగ్గరే పేచీ పెట్టేవాణ్ణి.

తరువాత వాళ్ళు దిద్దుతూనే పోయారు. 1916 నాటికి ఫిలిప్పీన్స్‌లో ఒకడు ఎత్తిపెట్టడం, ఇంకొకడు ఎగిరి కొట్టడం మొదలైంది. 1918లో జట్టుకి ఆరుగురన్నారు. 1920లో మూడు దెబ్బలకి మించరాదన్నారు. వల ఎత్తు పెరిగి పెరిగి మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24 మీటర్ల దగ్గర నిలిచింది. షావుకార్ల కాలక్షేపం ఇట్లా ఎగిరి దూకే కుర్రకారు ఆట అయిపోయింది. ఆట వేగం పెరిగినకొద్దీ, తప్పు చేసినవాడే చెయ్యెత్తుతాడన్న భరోసా చాలలేదు. స్టాండు మీద ఒకరు, ఎదురుగా కింద ఒకరు, మూలల్లో జెండాలు పట్టుకుని లైన్ జడ్జీలు, బల్ల దగ్గర స్కోరరు కావలసి వచ్చింది.

ఆ పని గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాసినందుకు నాకే తృప్తి ఉండదు. మొదటి రిఫరీ కన్ను వలకి సుమారు 50 సెంటీమీటర్ల పైన ఉండాలి. మ్యాచికి ముందు వల, బంతి, నేల చూసుకుని టాస్ వేయించాలి. కొట్టేవాడి వైపు వల తగిలితే చూడవలసింది ఆయన. అడ్డుకునేవాడి వైపు తగిలితే చూడవలసింది కింద నుంచున్న రెండో రిఫరీ. విజిల్ ఊదాక సర్వీసు ఎవరిదో ముందు చూపాలి, తప్పేమిటో తరువాత చూపాలి. ఈ వరుస తప్పితే పరీక్షలో మార్కులు పోతాయి. సర్వీసు చేసేవాడికి విజిల్ తరువాత 8 సెకన్లే గడువు. వివరణ అడిగే హక్కు కోర్టులో ఉన్న కెప్టెన్‌కే ఉంది, డప్పులవాళ్ళకి లేదు! పసుపు కార్డు హెచ్చరిక, ఎర్ర కార్డు అయితే అవతలివాళ్ళకి పాయింటు. మన దేశంలో జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లున్నాయి. వ్రాత పరీక్ష, ముఖాముఖి ప్రశ్నలు, కోర్టులో ఆట నడిపించి చూపడం అన్నీ ఉంటాయి. ఆ పైన అంతర్జాతీయ సమాఖ్య కోర్సు. ఇంత చేసి ఎక్కేవాళ్ళలో చాలామంది డ్రిల్లు మాస్టార్లు, రైల్వే ఉద్యోగులు, బ్యాంకు గుమాస్తాలు. ఆదివారం ఇంట్లో భోజనం మానుకుని వచ్చి ఎండలో నిలబడతారు. దానికి ముట్టేది బస్సు ఖర్చులకీ టిఫినుకీ సరిపోతే గొప్ప.

ఆట మన దేశానికి వచ్చింది కూడా వై.ఎం.సి.ఎ. వారి ద్వారానే. 1920లో మద్రాసులో వ్యాయామ కళాశాల పెట్టిన హారీ క్రో బక్ అనే ఆయన కూడా మోర్గన్ చదివిన ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ మనిషే. అక్కడ తర్ఫీదైన డ్రిల్లు మాస్టార్లు తెలుగు జిల్లాల హైస్కూళ్ళకి విజిలూ వలా తెచ్చారు. 1951లో భారత వాలీబాల్ సమాఖ్య ఏర్పడింది. మన రాష్ట్రం నుంచి శ్యాంసుందరరావు 1974లోనూ, హైదరాబాదు అబ్దుల్ బాసిత్ 1989లోనూ అర్జున అవార్డు అందుకున్నారు.

మోర్గన్ ఇవేమీ చూడలేదు. ఆయన వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ కంపెనీలలో పనిచేశాడు. ఆట మీద హక్కు అడిగినట్టుగానీ, డబ్బు చేసుకున్నట్టుగానీ నేను ఎక్కడా చదవలేదు. పుట్టిన లాక్‌పోర్ట్‌లోనే 1942 డిసెంబరు 27న కన్నుమూశాడు. అంతర్జాతీయ సమాఖ్య 1947లో పుట్టింది. ఒలింపిక్స్‌లో వాలీబాల్ 1964లో టోక్యోలో చేరింది. హొల్యోక్‌లోని వాలీబాల్ కీర్తి మందిరంలో మొదటి పేరుగా ఆయన్ని 1985లో చేర్చారు.

చదివినదంతా ఆ రాత్రి గదిలో నా మిత్రుడికి చెప్పాను. వాడు గోడవైపు తిరిగి పడుకునే విన్నాడు. మేయరు, అగ్నిమాపక అధికారి ఎదురెదురుగా ఆడారంటే నవ్వాడు. కాసేపాగి, మోచెయ్యి తగిలిన సంగతి తనకి అప్పుడే తెలుసన్నాడు. చెయ్యెత్తుదామనుకునే లోపు డప్పులు మోగాయట.

మొన్న సంక్రాంతికి ఇద్దరం ఊరికి వెళ్ళాం. కల్లంలో వల కట్టారు. నేను విజిల్ పట్టుకుని ఎడ్లబండి నొగ మీద ఎక్కి నిలబడితే, వాడు ఎర్ర తువ్వాలు చింపి కర్రకి కట్టుకుని మూల గీత దగ్గర నుంచున్నాడు. మొదటి సెట్టులోనే మా చిన్నాయన కొట్టిన బంతికి వాడు జెండా పైకెత్తి అవుటన్నాడు. చిన్నాయన ఇంకా వాడితో మాట్లాడడం లేదు.