తాత్కాలిక నియామకం

ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్ 1900లో జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో పట్టా పుచ్చుకొన్నాడు గాని, ఆచార్యులలో ఏ ఒక్కరూ ఆయనను సహాయకునిగా తీసుకోలేదు. మరుసటి యేడు వింటర్‌టూర్ సాంకేతిక పాఠశాలలో, సైనిక విధులకై వెళ్ళిన అధ్యాపకుని స్థానంలో రెండు నెలలు పాఠాలు చెప్పాడు. తరువాత షాఫ్‌హౌజెన్‌లో ప్రైవేటు చదువు. సెలవు ఖాళీలలో పనిచేసిన ఉపాధ్యాయులకు ఆ దినాల రుచి వేరుగా చెప్పనక్కరలేదు.

సహాధ్యాయి గ్రాస్‌మన్ తండ్రి సిఫారసు వల్ల బెర్న్ నగరంలోని పేటెంటు కార్యాలయాధిపతి హాలర్ దృష్టి ఆయనపై పడింది. ఖాళీ ఇంకా చేతికి రాకముందే, 1902 ఫిబ్రవరిలో ఆయన బెర్న్ చేరి, గంటకు మూడు ఫ్రాంకులకు గణిత, భౌతిక శాస్త్రాలు చెబుతానని పత్రికలో ప్రకటన వేయించాడు. జూన్‌లో నియామకం వచ్చింది. ప్రకటించినది రెండవ తరగతి నిపుణుని పదవి. లభించినది మూడవ తరగతి, అదీ తాత్కాలికం. జీతం ఏడాదికి 3,500 ఫ్రాంకులు. యంత్ర విద్యలో ఆయనకు తగిన ప్రవేశం లేదన్నది హాలర్ అభ్యంతరం. అందులో అన్యాయమేమీ లేదనే చెప్పాలి.

వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు కొత్త యంత్రాల పటాలు, వివరణలు పరిశీలించి, లోపాలు పట్టి, అస్పష్టమైన వాక్యాలు సరిదిద్దడం ఆయన పని. ఇంతలో సంసారం మీదపడింది. 1902 అక్టోబరులో తండ్రి మరణించాడు. 1903 జనవరిలో మిలేవాతో వివాహం. 1904 మే నెలలో కుమారుని జననం. అప్పటికీ ఉద్యోగం తాత్కాలికమే! ఆ యేడే మిత్రుడు బెస్సో అదే కార్యాలయంలో, ఆయనకంటె పైమెట్టున, రెండవ తరగతిలో చేరాడు. స్నేహం మాత్రం చెడలేదు. సాయంకాలాలు ఇద్దరూ శాస్త్ర చర్చలు చేస్తూ ఇళ్ళకు నడిచేవారు.

ఇరవైయేడు నెలల నిరీక్షణ పిమ్మట, 1904 సెప్టెంబరులో ఉద్యోగం ఖాయమైంది. జీతం 3,900 ఫ్రాంకులకు పెరిగింది, తరగతి పెరగలేదు. యంత్ర విద్య పూర్తిగా పట్టుబడేవరకు ఆగవలసిందేనని హాలర్ తీర్పు. ఆ మూడవ తరగతి ఉద్యోగిగానే 1905లో ఆయన కాంతి స్వభావాన్నీ, సాపేక్షతనూ గూర్చిన వ్యాసాలు ప్రకటించాడు. రెండవ తరగతి 1906లో గాని రాలేదు.

1909లో జ్యూరిక్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవికి పిలిచింది. మొదట చెప్పిన జీతం తక్కువగా ఉండడంతో ఆయన ఒప్పుకోలేదు. పేటెంటు కార్యాలయంలో ముడుతున్న 4,500 ఫ్రాంకులే ఇస్తామన్న తరువాతనే, ఏడేండ్లు కూర్చున్న ఆ బల్లను విడిచి వెళ్ళాడు.