క్లాడ్ రెయిన్స్

క్లాడ్ రెయిన్స్ 1889వ సంవత్సరము నవంబరు 10వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి నటుడే, కాని ఆ ఇంట కలిమి లేదు. పేదల పేటలో పెరిగిన ఆ బాలునకు అచ్చటి యాస గట్టిగా పట్టుబడెను. దానికి తోడు నత్తి. అన్నిటికంటె కష్టమేమనగా, రకారము అతని నోట పలుకదు. అతని ఇంటిపేరు మొదటి అక్షరమే రకారము! పేరడిగినవారికి దానిని సరిగా చెప్పలేకపోయెడివాడు.

అట్టివాడు 1900లో, పదియేండ్ల ప్రాయమున, ఒక నాటకమున చిన్న వేషము ధరించెను. పిమ్మట హర్బర్ట్ బీర్బోమ్ ట్రీ అను ప్రఖ్యాత నటుని నాటకశాలలో పనికి కుదిరెను. ప్రవేశ సమయమైనప్పుడు తెరవెనుకనున్న నటులను పిలుచుట అచ్చటి అతని పని. నోరు తిరుగని బాలునకు పిలుపుల కొలువు దొరకుట వింతయే. ట్రీ అతని లోపమును చూచి నవ్వి ఊరకుండలేదు. ఉచ్చారణ నేర్చుకొనుటకై పుస్తకములకును, పాఠములకును తానే ధనమిచ్చెను. క్లాడ్ సాధన చేసి నత్తిని, యాసను జయించెను.

మొదటి ప్రపంచ యుద్ధమున అతడు లండన్ స్కాటిష్ దళమున సైనికుడుగా చేరెను. 1916లో ఫ్రాన్సులోని విమీ వద్ద విషవాయువు సోకి కుడికంటి చూపు దాదాపు పూర్తిగా పోయెను. అయినను సైన్యమును విడువక, యుద్ధాంతమునకు కాప్టెన్ అయ్యెను. తరువాత, ట్రీ 1904లో స్థాపించిన నాటక విద్యాలయముననే ఉపాధ్యాయుడై, యువకులకు నటన నేర్పెను. జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్ అతని శిష్యులే.

అనంతరము అమెరికా చేరి రంగస్థలమున పేరు గాంచెను. 1933లో హెచ్. జి. వెల్స్ నవలననుసరించి తీసిన 'ది ఇన్విజిబుల్ మాన్' చిత్రమున ప్రధానపాత్ర లభించెను. ఆ పాత్ర ఎవరి కంటికిని కానరాదు. ముఖమునకు కట్లు, నల్లని కళ్లద్దములు. అవి తీసినచో శూన్యము. కనుక గర్వము, క్రోధము, ఉన్మాదము సమస్తమును కంఠమే పలికింపవలెను. నటుని ముఖము చిత్రాంతమున క్షణకాలము మాత్రమే కనబడును. కనులు, కనుబొమలు, పెదవులు తోడుపడని అట్టి వేషము ఎంత కఠినమో నటించినవారికే తెలియును. ప్రేక్షకులు ఆ కంఠమునకు ముగ్ధులైరి. చిత్రము వెలువడునాటికి అతనికి 44 ఏండ్లు.

పిదప పెక్కు చిత్రములలో నటించెను. 1942 నాటి 'కాసాబ్లాంకా'లో లంచగొండియగు పోలీసు అధికారి వేషమును సైతము ప్రేక్షకులు మెచ్చునట్లు పోషించెను. ఆస్కారు బహుమతికి నాలుగు పర్యాయములు అతని పేరు ప్రతిపాదింపబడెను, ఒక్కసారియు లభింపలేదు. 1951లో న్యూయార్కు రంగస్థలమునకు మరలివచ్చి, 'డార్క్‌నెస్ ఎట్ నూన్' నాటకమున చెరలోనున్న వృద్ధ విప్లవకారుని పాత్ర ధరించి టోనీ బహుమతినందెను. 1962లో 'లారెన్స్ ఆఫ్ అరేబియా' చిత్రమునను నటించెను. 1967 మే 30వ తేదీన, తన 77వ యేట, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున మరణించెను.