ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ భారతీయ జీవరసాయన శాస్త్రవేత్త. తెలుగునాట ఆయన పేరు ఔషధాలతోనే ఎక్కువగా ముడిపడి ఉన్నది. అయితే కండరం పనిచేయడానికి కావలసిన శక్తిని జీవకణం ఏ రూపంలో నిల్వ చేసుకొంటుందో కనుగొన్నవారిలో కూడా ఈయన ఒకడు. క్రీడాకారుల సామర్థ్యం, అలసట, గాయాలను గురించిన నేటి అవగాహనకు ఆ పరిశోధన ఒక పునాది.

బాల్యము, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. మిత్రులతో పాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఈయన చదువుకు సహాయపడ్డాడు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహం జరిగింది.

స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు దుస్తులు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించడం ఈయనను వైద్య పరిశోధన వైపు మళ్ళించింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1920 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ చేరుకొన్నాడు. హార్వర్డులో చదువుతూ, ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేశాడు.

కండర శక్తిపై పరిశోధన

హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోను, కణజాలంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించాడు. ద్రావణంలో ఏర్పడే నీలిరంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణాన్ని లెక్కించడం ఇందులోని సూత్రం. కండర ద్రావణాన్ని పరీక్షించినపుడు మాత్రం రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఈ ఆలస్యాన్ని వారు పొరపాటుగా భావించి వదలివేయలేదు. కారణం వెదకగా, ఆమ్లంలో నెమ్మదిగా విడిపోయే ఒక పదార్థం బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఈ విషయాన్ని 1927లో ప్రకటించారు. కండరాన్ని ఉత్తేజపరచినపుడు ఇది తగ్గుతుందనీ, విశ్రాంతి ఇస్తే తిరిగి పెరుగుతుందనీ గుర్తించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థాన్ని కనుగొన్నారు.

కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటివరకు భావించేవారు. కండరాలపై పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు లభించింది. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం సంకోచించగలదని 1930లో లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో పాత సిద్ధాంతం వీగిపోయింది. ఈలోగా 1929లో ఫిస్క్, సుబ్బారావులు ఏ.టి.పి.ని (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

క్రీడలు, గాయాలు

కండరంలో సిద్ధంగా ఉండే ఏ.టి.పి. తీవ్రమైన శ్రమకు కొన్ని సెకన్లకు మించి చాలదు. దానికి మూడు నాలుగు రెట్లు ఉండే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును అందించి, తరిగిన ఏ.టి.పి.ని వెంటనే పునరుద్ధరిస్తుంది. 100 మీటర్ల పరుగు, బరువులెత్తడం వంటి క్రీడలలో ఈ నిల్వ ప్రధానపాత్ర వహిస్తుంది. శ్రమ తరువాత కొన్ని నిమిషాల విశ్రాంతిలో, ఆక్సిజన్ సహాయంతో ఈ నిల్వ చాలావరకు నిండుతుంది. వేగపు పరుగుల మధ్య శిక్షకులు విరామం ఇవ్వడానికి ఇదొక కారణం. క్రియాటిన్‌ను ఆహారంతో అదనంగా తీసుకొంటే కండరంలో దాని నిల్వ పెరుగుతుందని 1992లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

రక్తప్రసరణ ఆగిన కణజాలంలో ఏ.టి.పి. తరిగిపోతుంది. అప్పుడు కణపొరలోని పంపులు పనిచేయక, సోడియం, కాల్షియం లోపల పేరుకొని కణం దెబ్బతింటుంది. గాయం మానడానికి అవసరమైన కణవిభజన, కొల్లాజెన్ తయారీ కూడా శక్తితో కూడిన పనులే. కాబట్టి రక్తప్రసరణ సరిగాలేని చోట పుండ్లు ఆలస్యంగా మానుతాయి. ఫాస్ఫోక్రియాటిన్ చర్యకు తోడ్పడే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము దెబ్బతిన్న కండరం నుండి రక్తంలోకి చేరుతుంది. దీనిని కొలిచి కండర గాయాన్ని అంచనా వేస్తారు.

చివరి సంవత్సరాలు

1930లో పిహెచ్.డి. పొందినప్పటికీ హార్వర్డులో సుబ్బారావుకు శాశ్వత స్థానం దొరకలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయంలో చేరి, పరిశోధన విభాగానికి నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడింది. ఫైలేరియాకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్, క్యాన్సరు చికిత్సలో మెథోట్రెక్సేట్‌కు దారితీసిన అమినోప్టెరిన్ కూడా అక్కడినుండే వెలువడ్డాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు గుండె ఆగి మరణించాడు. అమెరికా వెళ్ళిన తరువాత ఆయన స్వదేశానికి తిరిగిరాలేదు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల పాత్ర నేడు జీవశాస్త్రంలో ప్రాథమిక పాఠమైనది.