జపమాలతో టిబెట్‌ను కొలిచిన గిరిపుత్రుడు నైన్ సింగ్ రావత్

ఉత్తరాఖండ్‌లోని జోహార్ లోయలో, మంచుకొండల ఒడిలో మిలం అనే ఊరుంది. 1830 అక్టోబరు 21న నైన్ సింగ్ రావత్ అక్కడ పుట్టారు. ఆయనది భోటియా తెగ. నేడు మనలాగే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న జాతి అది. వేసవిలో గొర్రెలు, మేకల మీద ధాన్యం వేసుకుని కనుమలు దాటడం, టిబెట్ నుంచి ఉప్పు, ఉన్ని తేవడం వారి బతుకుతెరువు. అలా నైన్ సింగ్‌కు టిబెట్ భాష, అక్కడి ఆచారాలు చిన్ననాడే వంటబట్టాయి. తర్వాత ఆయన సొంత ఊళ్లోనే బడిపంతులయ్యారు.

అప్పట్లో టిబెట్‌లోకి తెల్లవారికి ప్రవేశం లేదు. సర్వే పటంలో ఆ భాగం ఖాళీగా ఉండిపోయింది. దొరలు అడుగుపెట్టలేని చోటికి కొండబిడ్డలు వెళ్లగలరని కెప్టెన్ మాంట్‌గొమరీ గ్రహించారు. 1863లో నైన్ సింగ్‌ను, ఆయన దాయాది మణి సింగ్‌ను డెహ్రాడూన్ పిలిపించి శిక్షణ ఇచ్చారు.

ఆ శిక్షణ చిత్రమైనది. ఎక్కినా దిగినా అడుగు దూరం మారకుండా నడవాలి. జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలు. నూరు అడుగులకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు, అంటే సుమారు ఐదు మైళ్లు. ప్రార్థన చక్రంలో మంత్రాలకు బదులు లెక్కల కాగితాలు. ఎత్తుకు పోయేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి, మరిగే నీటిలో థర్మామీటరు పెట్టి ఎత్తు లెక్కకట్టేవారు.

1865లో నేపాల్ మీదుగా బయలుదేరి, 1866 జనవరిలో ఆయన లాసా చేరారు. దొరికితే ప్రాణం దక్కదు. అనుమతి లేకుండా వచ్చిన ఒకరికి నడివీధిలో తల నరకడం ఆయన కళ్లారా చూశారు. డబ్బు అయిపోతే వర్తకులకు లెక్కలు నేర్పి గడుపుకున్నారు. అయినా పూస తప్పలేదు. సుమారు 1,200 మైళ్లు కొలిచి, లాసా ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో తేల్చి తిరిగివచ్చారు. 1867లో పశ్చిమ టిబెట్ బంగారు గనులకు వెళ్లారు. 1874లో లేహ్ నుంచి మళ్లీ లాసా చేరి, తవాంగ్ మీదుగా 1875లో అస్సాంలో దిగారు.

ఆయన క్షేమం కోసం నివేదికల్లో అసలు పేరు దాచి 'పండిట్' అని మాత్రమే రాసేవారు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకంతో గౌరవించింది. మన తపాలా శాఖ 2004లో ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆ పటం పరాయి పాలకుల అవసరం కోసం గీసినదే. ఆ మాట మనం దాచుకోనక్కర్లేదు. కానీ దాన్ని సాధ్యం చేసింది భోటియాలు తరతరాలుగా నడిచిన దారులు, నేర్చిన భాష.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన గుట్టలకు, వాగులకు, ఊటలకు తాతలు పెట్టిన పేర్లు ఎన్ని పటాల్లో ఉన్నాయి? ఈ సెలవుల్లో ఇంటి పెద్దలతో కలిసి ఒక దారి నడుద్దాం. వారు చెప్పిన ప్రతి పేరూ రాసుకుందాం. చెప్పినవారి పేరు కూడా పక్కనే రాద్దాం.